గుండిగలోకి దయచేసిన బావగారు

మా చిన్నప్పుడు... సౌదీలో మా హాల్లో ఒక పెదనాన్న ఉండేవాడు. గాజుతొట్టెలో. మోచేతంత పొడుగు, నల్లటి ఒళ్ళు, మూతికి రెండు పక్కలా ఇంతింత మీసాలు...

అది క్యాట్‌ఫిష్ లెండి. మేం బురైదాలో ఉండేవాళ్ళం. చుట్టూ ఖర్జూరం తోటలు. ఆ తోటలకు నీళ్ళు తోడే మోటార్ల కంపెనీలో నాన్న ఇంజినీరు. నాన్న స్నేహితుడొకాయన ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం ముగించుకుని, ఇండియా వెళ్ళిపోతూ దాన్ని తొట్టెతో సహా మాకిచ్చి వెళ్ళాడు. అక్కడ అంతే కదా... వెళ్ళేవాళ్ళు సోఫాలు, కుక్కర్లు, పిల్లల సైకిళ్ళు ఉండేవాళ్ళకి అప్పజెప్పి పోతారు. అప్పుడది నా వేలంత ఉండేది.

ఆ మీసాలు చూడగానే అమ్మకి నవ్వాగలేదు. "అచ్చం మీ అన్నయ్యగారేనండీ!" అంది నాన్నతో. అంతే... ఆ రోజు నుంచి నాకూ అక్కకీ అది పెదనాన్న, అమ్మకి బావగారు. "బావగారి భోజనం అయిందా?" అని రోజూ అడిగేది. మొదట్లో విసుక్కున్న నాన్న కూడా కొన్నాళ్ళకి "అన్నయ్యేంటి, ఇవాళ మూలనుంచి కదలట్లేదు?" అనడం మొదలుపెట్టాడు.

అమలాపురం దగ్గరుండే అసలు పెదనాన్నకి ఈ సంగతి చేరిపోయింది. ఆయన కోప్పడతాడేమో అనుకున్నాం... పడలేదు సరికదా, శుక్రవారం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న అదే. "ఏమ్మా, అక్కడ నన్ను బాగా చూసుకుంటన్నారా? ముద్ద పెడతన్నారా లేదా?"

చూస్తుండగానే మా వంతూ వచ్చింది. నాన్నకి ఫైనల్ ఎగ్జిట్. సామానంతా ఒక్కొక్కటే ఇళ్ళు మారిపోతోంది. నాకు దేని మీదా బెంగ లేదు... ఒక్క పెదనాన్న మీద తప్ప. కొత్తగా వచ్చిన నిజామాబాద్ సుధాకర్ అంకుల్ తీసుకుంటానన్నారు. ఆ వారం ఫోన్లో అసలు పెదనాన్న కూడా "నన్ను జాగర్తగా దింపండ్రా" అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తొట్టెలో పెదనాన్నకి ఏమైనా అయితే విమానం ఎక్కనని చెప్పేశాను.

అంకుల్ పికప్ వేసుకుని వచ్చారు. తొట్టె దించాలంటే ముందు చేపని బయటికి తియ్యాలి కదా... నాన్న అమ్మ వైపు చూశాడు. కోనసీమ కాలవ గట్టున పెరిగిన పిల్ల, చేపలంటే ఆవిడకే తెలుసు.

అమ్మ వంటింటి గుమ్మం దాటి రాలేదు. నాన్నవాళ్ళింట్లో కోడళ్ళు బావగారి ఎదురుగా కూర్చోరు, తాకడమన్న మాటే లేదు. "బావగారి మీద చెయ్యెలా వేస్తానండీ? మీ అన్నయ్య... మీరే చూసుకోండి" అని వేళాకోళంగా కొంగు తలమీదికి లాక్కుంది. మేమంతా పగలబడి నవ్వాం.

నాన్న ఇందుకోసమే కొన్న కొత్త వల పౌరుషంగా తొట్టెలో పెట్టాడు.

అదే కొంప ముంచింది. పెదనాన్న ఒక్కసారి గింజుకున్నాడు... రెండు పక్కల ముళ్ళూ, వీపు మీది ముల్లూ విచ్చుకుని వలలో దిగబడిపోయాయి. నాన్న విడదీయబోతే బొటనవేలికి కస్సున దిగింది. నీళ్ళలో రక్తం... నేను ఏడుపు లంకించుకున్నాను. అంకుల్ కంగారుపడి, "అన్నా, గట్టిగ గుంజితే వస్తదేమో చూడు" అన్నారు.

"ఆగండాగండి! లాగకండి!" వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "జెల్ల చేప ముల్లులాంటిదే అది. లాగేకొద్దీ ఇంకా పట్టేసుకుంటాది. వల పైకెత్తకండి, నీళ్ళలోనే ఉంచండి."

కొంగు బొడ్లో దోపుకుంది. కత్తెర తెప్పించింది. చేప బెదరకుండా అక్క చేత తొట్టె లైటు ఆర్పించి, వల నీళ్ళలో ఉండగానే ముల్లు చుట్టూ ఒక్కో పోగూ కత్తిరించుకుంటూ పోయింది. ముల్లుని మాత్రం వంచలేదు, తాకలేదు. కొత్త వల ముక్కలు ముక్కలైపోయింది. నేను ఆ మీసాల వంకే చూస్తున్నాను... కదులుతున్నాయా, లేదా అని.

కదిలాయి.

అప్పుడు అమ్మ ఉగాదికి తెలుగువాళ్ళందరికీ పులిహోర కలిపే పెద్ద గుండిగ తెప్పించి తొట్టెలోకి వాల్చింది. నూలు తువ్వాలు తడిపి, ముళ్ళకి తగలకుండా వెనకనుంచి తెరలా పట్టుకుంది. "క్షమించండి బావగారూ... ఇలా దయచేయండి... ఇంకొంచెం లోపలికి..." అంటూ నెమ్మదిగా తోలింది. నిజంగా కొత్తింటికి సాగనంపుతున్నట్టే.

పెదనాన్న మారాం చేయకుండా గుండిగలోకి వెళ్ళిపోయాడు. నీళ్ళతో సహా పైకెత్తి మూత వేశారు.

తర్వాత ముల్లు పోటు తగ్గడానికి అమ్మ నాన్న చెయ్యి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టించింది. "అన్నయ్య చేతిలో దెబ్బ తినడం నాకు కొత్తేం కాదులే" అన్నాడు నాన్న. పికప్ సందు తిరిగేదాకా నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆ గుండిగ కూడా మళ్ళీ రాలేదు... అమ్మే అడగలేదు.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో అసలు పెదనాన్న మాకోసం నిలబడి ఉన్నారు. అవే మీసాలు. నన్ను ఎత్తుకుని, "నన్నెవరికిచ్చొచ్చేశావే?" అన్నారు. నేను ఆ మీసాలు రెండు చేతులా పట్టుకుని ఒకటే ఏడుపు...

ఇప్పుడైతే వాట్సాప్‌లో రోజుకో ఫోటో అడిగేదాన్ని. అప్పుడు మా దగ్గర ఉన్నది అంకుల్ ఇంటి ల్యాండ్‌లైన్ నంబరొక్కటే... కొన్నాళ్ళకి అదీ పలకలేదు. ఆయనా ఎవరికో అప్పజెప్పి వెళ్ళిపోయే ఉంటారు. గల్ఫ్‌లో గడిచిన మా చిన్నతనమంతా అంతే... ఎవరెవరి ఇళ్ళలోనో ఉండిపోయింది. మీరూ అలా ఎవరికైనా అప్పజెప్పి వచ్చినవి ఉంటే చెప్పండి, విందాం.

ఆ రోజుల్లో బురైదాలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... మీసాల చేపొకటి మీ ఇంటికి గానీ వచ్చిందా? వచ్చి ఉంటే, ఇంకా ఉంటే... వల మాత్రం పెట్టకండి. గుండిగ వాల్చి, "దయచేయండి బావగారూ" అనండి.

వస్తాడు.