సంతాప సభలో మూగబోయిన గిటారు

రెండేళ్ల క్రితం నేను శంషాబాద్‌లో ఒక గోదాములో పనిచేస్తున్నప్పటి సంగతి ఇది. నాకు గిటారు నేర్పిన తోటి ఉద్యోగి మల్లేశ్ గుండెపోటుతో హఠాత్తుగా చనిపోయాడు. సంతాప సభలో అతను కట్టిన బాణీ నన్ను వాయించమన్నారు.

నా ఎలక్ట్రిక్ గిటారును యాంప్లిఫయర్‌కు కలిపే కేబుల్ పాతబడిపోయింది. "జర మంచిది తీస్కో తమ్మీ, సన్న తీగది నడిమిట్ల పరేషాన్ చేస్తది" అని దుకాణదారు చెప్పినా వినకుండా, పైకి మెరుస్తున్న నాసిరకం కేబుల్ తెచ్చుకున్నాను.

సభలో వాయించడం మొదలుపెట్టానో లేదో, స్పీకర్లోంచి చెవులు చిల్లులు పడేలా గరగరమని మోత వచ్చింది. ఫొటో ముందు కూర్చున్న మల్లేశ్ వాళ్ల అమ్మ ఉలిక్కిపడింది. కంగారుగా కేబుల్ కదిపాను. ఈసారి అసలు శబ్దమే ఆగిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏంది బిడ్డా, గట్ల ఆపినవ్?"

"వైరు ఖరాబైందమ్మా. సప్పుడు రాదు."

"ఇంట్ల వాడు గిట్లనే వైరు లేకుంట వాయించేటోడు. నాకు ఇనవడుతది, వాయించు."

కేబుల్ పీకేసి వాయించాను. తీగల సన్నని శబ్దం మాత్రమే వచ్చింది. వెనక వరుసలకు ఏమీ వినిపించి ఉండదు. ఆమె మాత్రం గిటారు దగ్గరగా చెవి పెట్టి, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. తర్వాత మెల్లగా అన్నది: "నడుమ ఒక్క కాడ వాడు జర ఆగుతుండె బిడ్డా. నువ్వు ఆగలె."

అంతటి శ్రోత ముందుకు నాసిరకం కేబుల్‌తో వెళ్లినందుకు ఇప్పటికీ బాధపడతాను. ఆ బాణీ వాయించినప్పుడల్లా, ఆమె చెప్పిన చోట ఒక్క క్షణం ఆగుతాను.