ఆళ్లగడ్డలో చెప్పిన రూపకం

డెబ్బయ్యో దశకం చివర్లో తెలుగు పండిత శిక్షణ చదివాను. ఆఖరి పరీక్ష, ఆళ్లగడ్డ బడిలో పాఠం చెప్పడం. నాయన నంద్యాలలో చర్చి బడి పంతులు. చూపు మందగించి మానేశాడు. నేను పాసైతే ఆ ఉద్యోగం నాకిస్తామన్నారు. తప్పితే మా ఇంటి పొయ్యి సంగతి దేవుడికే తెలియాలి. బస్సులో ఉపమ, రూపకం, అతిశయోక్తి అని గొణుక్కుంటుంటే పక్క సీటామె, "ఏం మంత్రమమ్మా అది, కడుపునొప్పికా?" అంది.

పరీక్షకుడు అహోబిలం పండితుల ఇంటాయన. నామం పెట్టుకుని వెనక బెంచీలో నిటారుగా కూర్చున్నాడు.

పుస్తకంలోని 'చంద్రుడి లాంటి ముఖం' ఉదాహరణ చెబితే పిల్లలు ఆవులించారు. ఒళ్లు మండి, "మీ ఇంట్లోవాళ్లను పోల్చండి" అన్నాను.

"మా అవ్వ నోరు రోకలి మాదిరి టీచర్," అంది ముందు వరుస పిల్ల.

"అది ఉపమ. 'మాదిరి' తీసేసి, అవ్వ నోరే రోకలి అంటే రూపకం."

"మా అవ్వ తిడితే నల్లమల పులి పారిపోతాది."

"అది అతిశయోక్తి."

"కాదు టీచర్, నిజమే."

రోడ్డవతల శిల్పుల కొట్టంలో సగం చెక్కిన విగ్రహం కనిపించింది. నాకు హుషారెక్కింది. "ఆ రాయి నరసింహస్వామి మాదిరి ఉంది. ఇదేంది?"

"ఉపమ. గుడిలో కండ్లు తెరిపించినాక మాదిరి కాదు గదా, స్వామే. అప్పుడేంది టీచర్?" అంది ఆ పిల్లే.

"రూపకం," అనేశాను.

పరీక్షకుడు లేచాడు. "మా ఇంట్లో తరతరాలుగా సేవ చేస్తాండేది రూపకానికా?"

నా పని అయిపోయిందనుకున్నాను. భయంలో ఉన్నదున్నట్టు నోటికొచ్చేసింది. "పొరపాటు సార్. మా చర్చిలో రొట్టె విరిచి, ఇది ప్రభువు శరీరం అంటారు. మా నాయన రూపకం తింటాండానని అనుకోడు. నమ్మినోళ్ల నోట అది ఉన్న మాటే."

ఆయన కూర్చున్నాడు. "అన్నదెవరో తెలిస్తేగానీ అలంకారం తేలదని బోర్డు మీద రాయమ్మా," అన్నాడు. రాశాను.

పాసయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజు నాయన నా భుజం పట్టుకుని బడికొచ్చాడు. వెనక బెంచీ తడుముకుని కూర్చుని, చూపు ఆనకపోయినా ముఖం నా వైపు తిప్పాడు.

"కానియ్ టీచర్," అన్నాడు.

అందులో ఏ అలంకారమూ లేదు. నాకు ఏడుపొచ్చింది.