మీరా వేళ్లూ, నా వెనక స్ప్రింగూ

సైకిల్ మీంచి పడ్డవాళ్లు ఈ లోకంలో కోకొల్లలు. మోకాళ్లు చెక్కుకుపోయినవాళ్లున్నారు, పళ్లు రాలినవాళ్లున్నారు, పెళ్లిచూపులకెళ్తూ మురిక్కాలవలో దిగినవాళ్లూ ఉన్నారు. కానీ సైకిల్ తొక్కుతూ తొక్కుతూ, వెనక కూర్చున్నవాడి ఉద్యోగాన్ని కూడా తొక్కేయబోయిన ఘనత జగ్గయ్యపేట మొత్తం మీద నాదొక్కడిదే. ఎలాగూ నవ్వుతారు, నవ్వండి. కాకపోతే ముందు మీ కుడిచేతి వేళ్లు ఒకసారి కదిపి చూసుకుని, అన్నీ కదులుతున్నందుకు సంతోషించండి.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. చదువుతున్నానని ఇంట్లో అనుకునేవాళ్లు. మా నాన్నకి బజార్లో కిరాణా కొట్టు. నందిగామలో హోల్‌సేల్ సరుకు తెమ్మని పంపిస్తే, అక్కడ సైకిళ్ల షాపు ముందు నిలబడిపోయా. ఎర్రరంగు, లావుపాటి టైర్లు, సీటు కింద పసుప్పచ్చ స్ప్రింగు! షాపాయన నా మొహం చూడగానే బేరం తెగిందని గ్రహించాడు.

"వెనక స్ప్రింగండీ. గుంటలో పడ్డా పడ్డట్టు తెలీదు. కొండలెక్కే సైకిలండీ ఇది."

జగ్గయ్యపేటలో కొండెక్కాల్సిన అవసరం నాకు ఏ రోజూ రాలేదు. అయినా ఆ మాట విన్నాక కొండ లేకపోవడం ఊరి లోపంలా కనిపించింది. అమ్మని కాకా పట్టి, అమ్మ నాన్నని పట్టి, వారం తిరిగేసరికి పప్పుల బస్తాల మీద పడుకుని సరుకుల ఆటోలో ఊరేగుతూ సైకిల్ దిగింది.

నాన్న కొట్లోంచి బయటికొచ్చి సీటు నొక్కి చూశాడు. అది కిందికెళ్లి పైకొచ్చింది. మళ్లీ నొక్కాడు.

"ఏరా, నువ్వు పెడలు తొక్కినప్పుడు కూడా ఇది ఇలాగే దిగుద్దా?"

"దిగుద్ది నాన్నా. అదే దాని గొప్ప."

"అంటే నువ్వు తొక్కిందంతా చక్రానికి చేరదన్నమాట. మధ్యలో ఈ దళారీ కమీషన్ కొట్టేస్తున్నాడు."

నాకు ఒళ్లు మండింది. కందిపప్పు అమ్ముకునే మనిషికి టెక్నాలజీ ఏం తెలుస్తుందిలే అనుకున్నా. నవ్వకండి, ఆ వయసులో మీరూ అనుకునే ఉంటారు.

ఇక నాగుల్ మీరా సంగతి. మాది ఒకే వీధి, ఒకే బెంచీ. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. చూపు తగ్గి స్టీరింగ్ వదిలేశాక ఇల్లు గడవడం కష్టమైపోయింది. మీరా ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తిచేసి పని కోసం తిరుగుతున్నాడు. అలాంటి టైములో ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది, పొద్దున పదింటికి రమ్మని. సరిగ్గా ఆ రోజే బంద్. దేనికోసం బందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, బంద్ చేయించినవాళ్లకి కూడా. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఫ్యాక్టరీకి మాత్రం బంద్ ఉండదుగా, బట్టీ ఆరితే ఎలా?

"మా నాన్న సైకిలుంది, దాని మీద పోతాలే" అన్నాడు మీరా ముందురోజు.

"ఆ డొక్కు సైకిలా? చొక్కా నలిగిపోయి, నడుం విరిగి, ఇంటర్వ్యూలో కుర్చీలో కూడా కూర్చోలేవు. నా దాని మీద డబుల్స్ పోదాం. నేను తొక్కుతా, నువ్వు రాజాలా కూర్చో."

"దానికి క్యారియరేదిరా?"

తా దూర కంత లేదు మెడకో డోలు అన్నారు పెద్దలు. నన్నొక్కణ్ణే ఆపసోపాలు పడుతూ మోసే సైకిల్‌కి, ఆ సాయంత్రమే వెల్డింగ్ షాపుకెళ్లి క్యారియర్ అతికించుకొచ్చా. ఎక్కడ అతికించానో జాగ్రత్తగా వినండి, కొంపంతా అక్కడే మునిగింది. నా సీటేమో స్ప్రింగు మోసే సగంలో ఉంది. క్యారియరేమో వెనక చక్రాన్ని పట్టుకున్న ఇనప చేతుల మీద, అంటే స్ప్రింగు జోలికే రాని సగంలో కూర్చుంది. గుంటొస్తే నేను పరుపు మీద, మీరా బండరాయి మీద.

పొద్దున్నే బయల్దేరాం. మీరా తెల్లచొక్కా ఇస్త్రీ మడత చూస్తే కోసుకుపోయేలా ఉంది. గుమ్మంలో వాళ్లమ్మ, నేను పిన్నీ అని పిలిచే ఆవిడ, "జాగ్రత్త నాయనా, నెమ్మదిగా తొక్కు" అంది. ఇద్దరెక్కితే అది నెమ్మదిగా తప్ప ఇంకోలా కదలదని అప్పటికి నాకూ మీరాకీ తెలీదు.

మీరా ఎక్కగానే నా నడుం పట్టుకున్నాడు. నాకు చచ్చేంత చక్కిలిగింతలు. సైకిల్ ఆ గట్టు నుంచి ఈ గట్టుకి పోయింది.

"ఒరేయ్, నడుం వదలరా! సీటు పట్టుకో, సీటు!"

వాడు పాపం బుద్ధిగా సీటు అడుగున కుడిచేతి నాలుగు వేళ్లు దూర్చి పట్టుకున్నాడు. ఊరు దాటామో లేదో మొదటి గుంట వచ్చింది.

"అబ్బా!"

"ఏమైందిరా?"

"నీ సీటొచ్చి నా వేళ్ల మీద కూర్చుందిరా!"

"అదేరా సస్పెన్షన్ అంటే!"

ఎంత గర్వంగా చెప్పానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను ఒక్కో తొక్కుడికీ ఒకసారి దిగుతున్నా, లేస్తున్నా. మీరా మాత్రం దిగడు, లేవడు. నేను లేచినప్పుడు వాడికి నా వీపు, దిగినప్పుడు ఎదురుగా ముక్త్యాల రోడ్డు కనబడుతున్నాయట. ప్రతి గుంటకీ వెనక నుంచి "యా అల్లా" అని వినబడేది, ముందు నుంచి "ఇంకొంచెమేరా" అని నేననేవాణ్ణి. సిమెంటు లారీలు తవ్విపోసిన ఆ రోడ్డులో గుంటలకి కరువేంటి?

ఒక ఎత్తు దగ్గర సైకిల్ మొరాయించింది. సీటు మీంచి లేచి, ఒంట్లో ఉన్న బలమంతా పెడలు మీద గుమ్మరించా. సైకిల్ వినయంగా వంగి దండం పెట్టింది గానీ జానెడు ముందుకెళ్లలేదు. ఇంతలో గడ్డిమోపు కట్టుకున్న పాత సైకిల్ మీద ఒక పెద్దాయన, చుట్ట కాల్చుకుంటూ, తాపీగా మమ్మల్ని దాటాడు.

"ఏం అబ్బాయ్, సైకిల్ తొక్కుతున్నావా, పిండి దంచుతున్నావా?"

మొన్నీమధ్య నందిగామలో మా మేనల్లుడి కొత్త సైకిల్ తొక్కాక నాకు అసలు సంగతి బోధపడింది. వెనకభాగం ఊగే కీలు ఎక్కడ పెట్టారన్నదాంట్లోనే కిటుకంతా ఉందట. సరైనచోట పెడితే, మనం తొక్కినప్పుడు చైను లాగే లాగుడే సైకిల్ కుంగకుండా నిలబెడుతుంది. మరీ పైకి పెడితే గుంటలో పడ్డప్పుడు పెడలు మన కాలినే వెనక్కి తంతుంది. పైగా స్ప్రింగు ఒకసారి దిగాక ఊరికే ఊగకుండా పట్టుకోడానికి నూనె గొట్టం ఒకటి. తొక్కుడు చక్రానికి, గుంట స్ప్రింగుకి, ఎవరి పని వాళ్లది. నా ఎర్రసైకిల్లో కీలు ఎక్కడ పడితే అక్కడుంది, నూనె గొట్టం బొమ్మకి మాత్రమే ఉంది. పోనీ ఈ జ్ఞానం అప్పుడే ఉందనుకోండి, ఏం చేసేవాణ్ణి? అదే చేసేవాణ్ణి.

"దిగరా, స్ప్రింగు ఊగకుండా చేస్తా" అన్నా.

"వద్దురా, నడుచుకుంటూ పోదాం. టైమైపోతోంది."

"నేనుండగా నడకేంట్రా?"

రోడ్డు పక్కన దొరికిన కర్రముక్కని స్ప్రింగు చుట్ల మధ్య పెట్టి, రాయితో దిగ్గొట్టా. నిజం చెప్పొద్దూ, కాసేపు సైకిల్ బాణంలా పోయింది. నేను వెనక్కి తిరిగి "చూశావా?" అన్నా. ముందున్న గుంటని నేను చూడలేదు.

టప్‌మని కర్ర ఎగిరి చేలో పడింది. దాని వెనకే స్ప్రింగుని పట్టుకున్న బోల్టు పోయింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందంటారు, నాకు ఉన్న స్ప్రింగు ఊడింది. సీటు, దాని మీద నేను, కిరాణా కొట్టు నెయ్యితో పెంచిన నా శరీరం మొత్తం వెళ్లి క్యారియర్ మీద చతికిలబడ్డాం. మధ్యలో మీరా నాలుగు వేళ్లు!

వాడి అరుపుకి ముందెళ్తున్న గడ్డిమోపు పెద్దాయన బ్రేకేసి వెనక్కొచ్చాడు. వేళ్లు బయటికి లాగేసరికి వంకాయల్లా కమిలిపోయి ఉన్నాయి. మీరా ఏడవలేదు. నన్ను తిట్టలేదు. చేతివాచీ చూసుకుని, "అయిపోయిందిరా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. నా కాళ్ల కింద భూమి ఊగింది, దానికి స్ప్రింగు కూడా అక్కర్లేదు.

పెద్దాయన గడ్డిమోపు విప్పి నా నెత్తిన పెట్టాడు. "ఇది కాపలా కాయి" అని, మీరాని తన క్యారియర్ మీద ఎక్కించుకుని పోయాడు. ఆ స్ప్రింగూ సోకూ లేని సైకిల్ రివ్వున మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఆయన తిరిగొచ్చేదాకా నేను గడ్డి కాశాను. తర్వాత ఇంటిదాకా సైకిల్‌ని భుజాన మోశాను. నేను సైకిలెక్కాల్సింది పోయి సైకిలే నన్నెక్కింది. కానీ భుజం నొప్పి ఎవరిక్కావాలి? దారంతా ఒకటే గుబులు: స్పానర్ పట్టాల్సిన చెయ్యే నలగ్గొట్టేశానే, వాళ్ల ఇల్లు ఎట్లా?

సాయంత్రం మీరా వాళ్లింటి అరుగు మీద కూలబడ్డా. పిన్ని టీ ఇచ్చింది. ఆవిడకి చెప్పే ధైర్యం లేక టీ అలాగే పట్టుకు కూర్చున్నా. ఇంతలో వాడొచ్చాడు, చేతికి కట్టుతో. పిన్ని గుండెలు బాదుకుంది. "ముందు కూర్చోమ్మా" అన్నాడు వాడు.

"టైముకే వెళ్లావా?" అన్నా.

"వెళ్లా. బోల్టు బిగించి చూపించమన్నారు. ఎడంచేత్తో బిగించా."

"అయితే?"

"కుడిచేతికేమైందన్నారు. నీ సైకిల్ కథ చెప్పా. ముగ్గురు ఆఫీసర్లూ పడీపడీ నవ్వి, ఒకాయన కళ్లు తుడుచుకుని, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు."

నేను టీ గ్లాసు అక్కడే పెట్టేసి వాణ్ణి కావిలించుకున్నా. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చా. వాడు మాత్రం మొహం ముడుచుకునే ఉన్నాడు.

"ఉద్యోగమొచ్చిందిగా, ఇంకేంట్రా?"

"కాయితాల మీద సంతకం పెట్టమన్నారు. పెన్ను పట్టుకోడానికి వేళ్లేవి? బొటనవేలొక్కటే మిగిలింది." వాడు సిరా అంటిన బొటనవేలు ఎత్తి చూపించాడు. "మా ఇంట్లో మొదటి సర్టిఫికెట్టు నాదిరా. అలాంటి నాచేత వేలిముద్ర వేయించుకున్నారు."

పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని, అది చాలక వదిలేసి, పకపకా నవ్వింది. "ఇన్నాళ్లూ రేషన్ షాపులో నేనొక్కదాన్నే వేలు ముంచుతున్నాననుకున్నా. తోడొచ్చావురా నా తండ్రీ!" అంది. అప్పుడు నవ్వాడు మీరా. ఆ నవ్వు చూశాకే నా ప్రాణం కుదుటపడింది.

వాడిప్పుడు అదే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కొత్తగా చేరినవాళ్లకి పని మొదలెట్టకముందే నా కథ చెప్తాడట, భద్రతా సూత్రాల కింద. అందుచేత పాఠక మహాశయులారా, అయిదు వేళ్లూ గుండెల మీద పెట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నా: స్ప్రింగున్న సైకిల్ వెనక, ఊపిరున్న ప్రాణిని ఈ జన్మలో ఎక్కించను. ఉల్లిపాయల బస్తాని ఎక్కించాల్సి వచ్చినా, ముందు దాన్ని సంతకం పెట్టి రమ్మంటా.