చుక్కను ముట్టని గీత

నిమ్‌పురా రైల్వే యార్డులో జెర్రీ నవ్వితే ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్ల వంటిళ్ళలో గరిటెలు గలగలలాడేవి. ఆ నవ్వంతా ఒక ఏడాదిపాటు ఒక్క మనిషి మీదే ఖర్చయింది. అతను గోవిందరావు. గూడ్సు బండి డ్రైవరు, జెర్రీకి పక్క క్వార్టరువాడు, ఉద్యోగంలో చేరిన నాటినుంచీ స్నేహితుడు.

అప్పటికే గోవిందరావును ఇంజను మీదనుంచి దింపేశారు. దింపింది నిజానికి ఒక గొడుగు. జోరువానలో ఎవడో పట్టాల మధ్య నిలబడ్డాడు. బండి మీదికి వచ్చేదాకా గొడుగు చంకలోనే ఉంచుకున్నాడు. ఆఖరి క్షణంలో తెరిచాడు. చచ్చేవాడికి తడిస్తే జలుబు చేస్తుందని భయమేసిందో ఏమో! గోవిందరావు బ్రేకు వేశాడు. బొగ్గు నింపిన బండి అడగ్గానే ఆగుతుందా? అది తన తీరికలో తాను ఆగింది.

ఆనాటినుంచి అతను కళ్ళు మూస్తే చాలు, గొడుగు తెరుచుకునేది. బ్రేకు పిడి పట్టుకుంటే చెయ్యి వణికేది. పైవాళ్ళు అతన్ని డ్రైవర్లు సంతకాలు పెట్టే గదిలో కూర్చోబెట్టారు. ఎవరు ఏ బండి ఎక్కాలో పేరు పెట్టి పిలవడం పని. కొండంత ఇంజన్లను నడిపిన మనిషి, వాటి మీదికి ఇంకొకళ్ళను పంపుతూ కూర్చున్నాడు. మళ్ళీ ఇంజను ఎక్కాలంటే మనసు నిలకడగా ఉందని పరీక్షలో తేలాలి. ఒక్కటే అవకాశం. అది తప్పితే రిటైరయ్యేదాకా ఆ కుర్చీయే.

ఇలా ఉండగా అతని భార్య రత్నానికి మోకాళ్ళు పట్టేశాయి. వంగి ముగ్గు వెయ్యలేకపోయింది. వాకిలి బోసిగా ఉంటే ఆవిడకు కాఫీ సహించదు. గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, ముగ్గు డబ్బా మొగుడి చేతికిచ్చింది.

వాళ్ళది మెలికల ముగ్గు. ముందు చుక్కలు పెట్టాలి. తర్వాత ఒక్కటే గీత, ప్రతి చుక్కనూ చుట్టుకుంటూ పోయి మొదలైన చోటికే రావాలి. చుక్కను మాత్రం ముట్టకూడదు.

"ముట్టీసినారు! సెరిపియ్యండి."

"ఒక్కటే కదే."

"ఒక్కటైతే మాత్రం? ఎర్రసిగ్నల్ ఒక్కటే కదా అని దాటెల్లిపోతారేటి?"

చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు. గీత తిరిగి మొదటికి వచ్చి అతుక్కున్నాక గాని అతనికి తట్టలేదు, ఇంతసేపూ గొడుగు తెరుచుకోలేదని.

ఇక రోజూ అదే పని. గదిలో కూర్చుంటే పాత కాగితాల వెనక చుక్కలు పెట్టుకునేవాడు. నిద్ర పట్టింది. చెయ్యి నిలిచింది. నిండు గ్లాసు టీ పట్టుకుని మెట్లు దిగినా బొట్టు తొణికేది కాదు.

ఓల్డ్ సెటిల్‌మెంట్ ఊరుకుంటుందా? మగవాడు వాకిట్లో వంగాడంటే చాలదూ! గదిలో అతనికి "దీదీ" అని, అంటే అక్కగారని, పేరు పడింది. టీ పోసే బెంగాలీ కూడా "దీదీ, చా" అని అందించేవాడు. ఇక జెర్రీ అయితే రోజూ డ్యూటీకి వెళ్తూ, బైకును సరిగ్గా ముగ్గు మీదనుంచే పోనిచ్చేవాడు.

"ఏటి మావా, రేపట్నించి జడేసుకుంతావేటి? పువ్వులు నాను తెస్తాన్లే!"

"తెండి తమ్ముడూ," అనేది రత్నం గుమ్మంలోంచి. "మిగిల్తే మీ బుర్రలో ఎట్టుకుందురు గాని. కాళీగానే ఉంది కదా."

గోవిందరావు మళ్ళీ వంగేవాడు. టైరు గుర్తులు చెరిపి, తెగిన గీతను అతికేవాడు.

పరీక్ష రోజు అతన్ని బైకు మీద తీసుకెళ్ళింది జెర్రీయే. లోపల అంతా సాఫీగా సాగింది. దీపాలు వెలిగితే మీట నొక్కాడు, గంటలు మోగితే పెడలు తొక్కాడు. చెయ్యి వణకలేదు. పరీక్ష పెట్టే ఆయన తలాడిస్తూ ఆఖరి కాగితం ఇచ్చాడు. దాని నిండా అంకెలు వేసిన చుక్కలు. గంట కొట్టేలోగా వాటిని వరసగా గీతతో కలపాలి.

గోవిందరావు చుక్కల్ని చూశాడు. మనసు కడిగిన వాకిలిలా అయిపోయింది. పెన్సిలు దానంతటదే కదిలింది. వరస తప్పలేదు. ఒకటిని చుట్టింది, రెండును చుట్టింది, ఆఖరి అంకెనూ చుట్టి మొదటికి వచ్చి అతుక్కుంది. గంట ఇంకా కొట్టనేలేదు. అతను హాయిగా పెన్సిలు కింద పెట్టాడు.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. "చుక్కలు కలపమంటే ఇదేమిటి దాదా? ఒక్కటీ కలవలేదే?" అన్నాడు హిందీలో.

"ముట్టకూడదు కదా సార్," అన్నాడు గోవిందరావు. అన్నాక తెలిసింది. "ఇంకో కాగితం ఇవ్వండి సార్. ఒక్కటి."

ఇవ్వలేదు. పక్క గదిలోవాళ్ళను పిలిచి చూపించాడు. అందరూ ఎంత బాగుందో అన్నారు. ఒకావిడ ఫోనులో ఫోటో తీసుకుంది. అప్పుడాయన దాని కిందే, ఇంజను పనికి తగడు అని రాసి సంతకం పెట్టాడు.

బయట జెర్రీ సంగతంతా విని నవ్వాడు. బైకు స్టాండు వేసి మరీ నవ్వాడు. నవ్వుతూనే గోవిందరావు మొహం చూశాడు. మధ్యలో ఆగిపోయాడు. బైకు స్టాండు తీశాడు.

మర్నాడు పొద్దున్నే గోవిందరావు చుక్కలు పెట్టి, వాటి మీదనుంచే గీత లాగాడు.

"అదేటండీ, అలా పొడిసేత్తన్నారు?" అంది రత్నం.

"ఇలాగే గియ్యాలంట."

మూడో చుక్క దగ్గర గొడుగు తెరుచుకుంది. పిండి గీత వంకరలు పోయింది. అప్పుడే జెర్రీ బైకు చప్పుడు వినిపించింది. గోవిందరావు తల వంచుకుని, అది ముగ్గు మీదికి వస్తుందని ఎదురు చూశాడు.

బైకు ఆగింది. జెర్రీ దిగి, చర్చిలో నడిచినట్టు నడుస్తూ, బైకును అంచు పక్కనుంచి తోసుకుంటూ పోతున్నాడు.

"తొక్కరా!" అని అరిచాడు గోవిందరావు. "రోజూలాగే తొక్కీసి ఎల్లరా!"

జెర్రీ వినపడనట్టే మలుపు దాకా తోసుకుంటూ పోయాడు.