ఇంజను మోతలో పోయిన మాట

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కితే, పక్క సీట్లో ఒక పిల్ల ఫోను చెవికి ఆనించుకుని విసుక్కుంటోంది. విమానం నడపడం నేర్చుకుంటోందట. మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు లోపల చిన్న కెమెరా పెట్టుకుంది. బొమ్మ బాగానే వచ్చింది గానీ, హెడ్‌సెట్‌లో మాట్లాడేది కెమెరాకు చేర్చే వైరు తగిలించడం మరిచింది. ఇంజను మోత తప్ప ఏమీ వినపడదు.

"మా అవ్వకు కండ్లు కనపడవు తాతా. ఆమెకు వినిపిద్దామనే పైన మాట్లాడింటి."

"దానికేముందిలేమ్మా! ఆ మోత పెట్టి, దాని మీద అవే మాటలు మళ్లీ చెప్పి రికార్డు చెయ్యి," అన్నాను.

మోత పెట్టి చెప్పి చూసింది. "అవ్వా, నేనొక్కదాన్నే పైన ఉండా." ఇంకోసారి చెప్పి, విసురుగా ఫోను ఆపేసింది.

"అప్పుడు భయంతో గొంతు వణికింది తాతా. ఈ బస్సులో యాడ వణుకుతాది?"