ఒక్కచోట కొట్టేసిన వాక్యం

అనంతపురంలో రైతులకు ఫోన్లో సలహాలు చెప్పే చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. ఏ ఊరి రైతుకు ఏం చెప్పాలో మేమంతా కంప్యూటర్లో రాసి దిద్దుకునే మా ఆఫీసు వికీలో ఊరికొక పేజీ ఉండేది. ఫోనెత్తినవాళ్లు అది చూసి చదివి వినిపించేవాళ్లు. వేరుశనగ విత్తే పద్ధతి ప్రతి పేజీలోనూ అవే మాటల్లో ఉండటం చూసి, ఆ పేరా ఒక్కచోట రాసి అన్ని పేజీల్లో అదే కనబడేలా చేసింది నేనే. ఒక్కచోట దిద్దితే అంతటా మారిపోతుంది. మేనేజరు మీటింగులో మెచ్చుకున్నాడు.

మాలో వయసులో పెద్దాయన ఒకడు ఒప్పుకోలేదు. "రాప్తాడు చేనూ బత్తలపల్లె చేనూ ఒకటేనామ్మా?" అన్నాడు. కంప్యూటరంటే భయపడే మనిషిలే అనుకున్నాను.

జూన్‌లో, బోర్లున్న ఒక ఊరి పేజీ సరిచేస్తున్నాను. "నేల తడిసి జానెడు లోతు పదును దిగేదాకా విత్తనం వేయొద్దు" అన్న వాక్యం బోరు నీళ్లున్నవాళ్లకెందుకని కొట్టేశాను. అది ఉమ్మడి పేరాలోదన్న సంగతి తట్టలేదు. అన్ని పేజీల్లోంచీ పోయింది.

కొన్నాళ్లకు బత్తలపల్లె వైపు రైతొకాయన ఆఫీసుకొచ్చాడు. రుమాలు విప్పి, మొలకెత్తి మాడిపోయిన గింజలు నా టేబుల్ మీద పోశాడు. ఒక్క తేలిక వానకే విత్తాడట. తర్వాత చినుకు లేదు.

"ఏమప్పా, ఇన్నేండ్లు సేద్యం చేసినావు, పదును చూసుకోవద్దా?" పెద్దాయన అడిగాడు.

"అనుమానమొచ్చే గదన్నా మీకు ఫోన్ చేసింది. వాన పడింటే ఏసేయమన్నారు. సదువుకున్నోళ్లు చెప్తాండారు గదా అని ఏసినా."

పేజీలో పాత మార్పులు తీసి చూశాను. కొట్టేసిన చోట నా పేరే ఉంది. మేనేజరుకు చూపించాను. "వాన రాకుంటే మనమేం చేస్తాం? గమ్మున ఆ లైను మళ్లీ పెట్టెయ్," అన్నాడు. పెట్టేశాను. నిమిషం పట్టలేదు.

రైతు అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. ఆటోల దగ్గర అందుకుని, తప్పు నాదని చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"చెప్పినావు, మంచిదే. ఆ గింజ ఇంగ మొలుస్తాదా?" అని ఆటో ఎక్కాడు.

నేను రైతుకు నిజం చెప్పినట్టు మేనేజరుకు తెలిసింది. నన్ను పేజీల పని నుంచి తీసి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆగస్టులో వాన పడ్డాక, వేరుశనగకు అదను దాటింది గనుక ఉలవలైనా వేసుకోమని చెప్పడానికి ఆ రైతుకు ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టాడు.

"ఆడ పెద్దాయన ఉంటాడు గదమ్మా, ఆయప్పకియ్యి," అన్నాడు.

ఇచ్చాను.