పంచనామా మీద తెలుగు సంతకం

మొన్న డుమస్ వెళ్లే దారిలో బండి ఆపాను. రోడ్డు పక్కన పచ్చి జొన్నకంకుల్ని వేడి బూడిదలో మగ్గబెట్టి, గుడ్డసంచిలో వేసి కర్రతో కొడుతున్నారు. ఆ దెబ్బల చప్పుడూ, పాలగింజ కాలిన కమ్మటి వాసనా కలిసి వస్తే నా కాళ్లు ముందుకు పడవు. సూరత్ వాళ్లు దీన్ని పోంక్ అంటారు, మా వైపు ఊసబియ్యం అంటాం. పేరేదైనా తినే పద్ధతి ఒకటే. మొదటి పిడికిలి నిలబడే తినాలి, రెండోది ఎవరికీ పెట్టకుండా తినాలి. నా భార్య లక్ష్మి పొట్లం కట్టించుకుంటూ, "కంకుబా యాదికొచ్చిందా?" అని అడిగింది. ఏదో హాస్యమాడి తప్పించుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకు అలాగే తప్పించుకుంటున్నాను. ఈసారి రాసి చూద్దామనిపించింది.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఏడేళ్లు బడికి పోయాను, ఆరో తరగతి మాత్రం దాటలేదు. లెక్కలు రానివాళ్లకు ఇందులో తప్పేమీ కనపడదు. తొంభైల మొదట్లో, పెళ్లయిన ఆరు నెలలకు, మరమగ్గాల పని కోసం లక్ష్మిని తీసుకుని సూరత్ వచ్చాను. గోడాదరా బస్తీలో మా తెలుగువాళ్ల గదులన్నీ నిండిపోయి ఉన్నాయి. ఒక్కో గదిలో పది మంది, నిద్ర కూడా వంతులవారీగానే. పెళ్లాంతో దిగినవాడికి అక్కడ చోటెక్కడిది? డిండోలిలో ఒక ముసలామె రేకుల గదులు కిరాయికి ఇస్తుందని ఎవరో చెబితే అటు నడిచాం. ఊరి చివర, పొలం అంచున వరసగా ఆరు గదులు. చివరి గదిలో ఆమే ఉండేది, ఒక బర్రెను కట్టేసుకుని. పేరు కంకు. తల్లినైనా అవ్వనైనా గుజరాతీలో 'బా' అంటారు కాబట్టి అందరికీ కంకుబా. ఆమెది గుజరాతీ, నాది విరిగిన హిందీ. అయినా ఆమె మాట నా చెవికి మా ఊరి ముసలమ్మ మాటలాగే పడేది. అందుకే ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

గది చూపిస్తున్నంతసేపూ నేను వాగుతూనే ఉన్నాను. ఆమె తలుపు దగ్గర ఆగి, "ఎంతమంది ఉంటరు?" అంది.

"ఇద్దరమే బా."

"ఇద్దరంటే ఎట్ల నమ్మాలె? నీ నాలుక ఒక్కటే నలుగురి పెట్టు."

"అది బయటనే పండుకుంటది బా, లోపలికి రాదు."

ఆమె నవ్వలేదు. లక్ష్మి వైపు తిరిగి, "వీడు ఇంట్ల గూడ గిట్లనేనా?" అని అడిగింది. భాష తెలియకపోయినా లక్ష్మికి ప్రశ్న అర్థమైంది, గట్టిగా తలూపింది. తాళంచెవి నాకివ్వలేదు, లక్ష్మి చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి నా పేరు మష్కరా, అంటే వేళాకోళాలవాడు. మా అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు.

గదుల వెనక ఆమె పొలం రెండు వీఘాలు, మన లెక్కలో ఎకరానికి కొంచెం ఎక్కువ. భర్త పోయాక కాగితం ఆమె పేరుకు మారింది. చుట్టుపక్కల రైతులంతా అమ్ముకుని పోయారు, వాళ్ల పొలాల్లో ఇళ్లు లేచాయి. ఈమె ఒక్కతే ఏటా జొన్న వేసేది. చలికాలంలో మొదటి కంకులు కాల్చిన రోజున బజారుకు పంపకముందే అన్ని గదులకూ పంచేది. బిల్డర్లు వచ్చేవాళ్లు. ఒకసారి ఒకాయన, "ఈ వయసులో ఈ కష్టమెందుకు బా, మెత్తటి పరుపు మీద పండుకోరాదా?" అన్నాడు. ఆమె పేడ చేతులు కడుక్కుంటూ, "పండుకున్నదాన్ని ఎటన్న మోసుకపోతరు బేటా. నిలబడ్డదాన్ని అడిగి తీస్కపోవాలె" అంది. ఆయన మళ్లీ రాలేదు.

వారానికొక రోజు మా కార్ఖానాకు కరెంటు ఉండేది కాదు. ఆ రోజు నన్ను పొలంలోకి దింపేది. నేను మగ్గం గుంటలో పుట్టినవాణ్ణి, కలుపు తీయడం ఏం తెలుసు? రెండు సాళ్లు తీసి గొప్పగా చూపించాను. ఆమె వంగి చూసి నడుం పట్టుకుంది. "గడ్డిని ఉంచి జొన్నను పీకినవ్ గదరా మష్కరా! నువ్వు ఆఫీసరువైతే బాగుండు." పొలమంతా వినపడేలా నవ్వాం. నేను నవ్వించడం కోసం నవ్వించేవాణ్ణి, ఆమె పని చేయించడం కోసం నవ్వించేది. సాయంత్రానికి నా చేతులు బొబ్బలెక్కాయి గానీ కలుపుకూ జొన్నకూ తేడా తెలిసింది. వెకిలి మాటలు తప్ప ఏమీ చేతకానివాణ్ణని మా నాయన వదిలేసిన నన్ను, ఒక పని అప్పజెప్పదగ్గ మనిషిగా చూసింది ఆమే మొదట.

కొన్నేళ్లకు నగరం ఉబ్బింది. పొగ పెరిగింది, అద్దకం కార్ఖానాల నీళ్లు కాలువలో రోజుకొక రంగులో పారాయి. అప్పుడు పెద్దలకు పచ్చదనం గుర్తొచ్చింది. నగరం చుట్టూ పచ్చని పట్టీ ఒకటి ఉండాలని పటం గీశారు. కంకుబా పొలం అందులో పడింది. ఊరి పట్వారీ వచ్చి మంచం మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. పట్టీలో పడ్డ భూమిని సొంతదారే సేద్యం చేసుకుంటుంటే అది వాళ్లకే ఉంటుంది, కట్టడాలు మాత్రం లేపకూడదు. సేద్యం లేకుండా ఖాళీగా ఉన్న భూమిని తీసుకుని చెట్లు నాటుతారు. ఏది ఏదో తేల్చడానికి వేసవిలో మనిషి వస్తాడు. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "జొన్న గూడ పచ్చగనే ఉంటది గద. ఇన్నేండ్లు నేను చేస్తున్నదే ఇప్పుడు సర్కారు చెయ్యమంటున్నది" అంది. చెట్లంటే ఆమెకు గానీ నాకు గానీ పగేమీ లేదు. ఆ వేసవి దాకా.

వైశాఖంలో ఆమె బిడ్డ ఇంట్లో పెళ్లి వచ్చింది. నాలుగు రోజులు వెళ్లాలి. బయల్దేరే ముందు నన్ను పిలిచి, "కాగితాలు పట్టుకొని ఎవడన్న వస్తే ఒక్కటే మాట చెప్పు. బా ఊర్లె లేదు, ఐతారం వస్తది, అప్పుడు రాండ్రి. ఇంకేం మాట్లాడకు" అంది.

"ఒక్కటే మాటనా బా? నోరు తుప్పు పడితే?"

"పట్టనియ్యి."

మూడో రోజు మాకు కరెంటు లేదు. గదుల నీడలో ఐదారుగురం పేకాడుతున్నాం. చెమటలు కక్కుకుంటూ ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. చంకలో ఫైలు. మా కుండలో నీళ్లు తాగి, పొలం వైపు చూశాడు. పంట కోసి, ఒక దుక్కి దున్ని, ఎండకు వదిలేసిన నేల. పెళ్లలు తప్ప ఏమీ కనపడదు. "ఇందులో ఏం పండిస్తారు?" అని హిందీలో అడిగాడు.

నేను చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉంది. కానీ చుట్టూ ఐదారుగురు మొహాలు నా వైపే తిరిగి ఉన్నాయి, వీడు ఇప్పుడేదో అంటాడని. మా గదులకు పాయిఖానాలు లేవు. తెల్లారకముందే అందరం ఆ పొలం మూలకే పోయేవాళ్లం. "సాబ్, ఇక్కడ నాట్లు పొద్దున్నే అయిపోతయి. గోడాదరా నుంచి గూడ కూలీలు వస్తరు. ఎవరి చెంబు వాళ్లే తెచ్చుకొని నీళ్లు పెడతరు" అన్నాను.

పేకముక్కలు కింద పడేలా నవ్వారు మావాళ్లు. ఆఫీసరు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఏదో రాసుకుని, సాక్షిగా ఒక సంతకం పెట్టమన్నాడు. గుజరాతీ అక్షరం నాకు ఒక్కటీ రాదు. ఆ పంచనామా కాగితం కింద నా పేరు తెలుగులో, చివర ఒక మెలిక తిప్పి, ముచ్చటగా పెట్టాను. ఆఫీసర్ని నవ్వించినవాణ్ణని రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆదివారం కంకుబా వచ్చీ రాగానే ఎదురెళ్లి ఆ హాస్యం ఆమెకే చెప్పాను, మెచ్చుకుంటుందని. ఆమె పెళ్లి లడ్డూల మూట విప్పుతోంది. చేతులు ఆగిపోయాయి.

"సంతకం పెట్టినవా?"

"పెట్టిన బా. తెలుగుల పెట్టిన, వానికి సదవరాదు."

"వాడు రాసింది నీకు సదవొస్తదా?"

నా నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు. మర్నాడే ఆమె పట్వారీ దగ్గరికి పరిగెత్తింది. కాగితం పైకి వెళ్లిపోయిందన్నాడు.

వానలు పడ్డాయి. ఆమె ఎప్పటిలాగే జొన్న వేసింది. నడుమెత్తు ఎదిగాక నోటీసు వచ్చింది, భూమి తీసుకుంటున్నాం, అభ్యంతరముంటే ఫలానా రోజున వచ్చి చెప్పుకోమని. ఆ రోజు ఆమె ఒక జొన్నమొక్కను వేళ్లతో సహా తవ్వి, తడి గోనెలో చుట్టి పట్టుకుంది. నేనూ వెంట వెళ్లాను. బల్ల అవతల ఒక పెద్ద ఆఫీసరు, పక్కన గుమాస్తా. ఆమె మొక్కను బల్ల మీద పెట్టింది. మట్టి రాలింది.

"ఇప్పుడు పైరుంది, సరే. మా మనిషి చూసిన రోజున ఉందా?" అన్నాడాయన.

"ఎండకాలంల ఎవడు వేస్తడు సాహెబ్, జొన్న?"

"సేద్యం లేదని సాక్షి చెప్పాడు కదా."

నేను ముందుకు జరిగాను. "సాబ్, సాక్షిని నేనే. అది మజాక్‌కు అన్నది సాబ్."

"సంతకం నీదేనా?"

"నాదే."

"జనం ఆ పొలంలోకి పోతారన్నది అబద్ధమా?"

"కాదు సాబ్. మూలకు పోతరు, గానీ..."

"మరి మజాక్ ఎక్కడుంది ఇందులో?"

కంకుబా బల్ల మీదికి వంగి, "ఏం రాసిన్రో సదవుండ్రి. మొత్తం" అంది. గుమాస్తా చదివాడు. భూమిలో ఎలాంటి పంటా లేదు, చుట్టుపక్కల కార్మికులు మలవిసర్జనకు వాడుకుంటున్నారు, ఈ సంగతి స్థానికుడొకడు సాక్షుల సమక్షంలో స్వయంగా తెలిపాడు. నేను నవ్వించిన మాటే. అతని గొంతులో ఆ మాట ఎండు కట్టెలా వచ్చింది, ఎవ్వరూ నవ్వలేదు. ఆమె కాగితం తన వైపు తిప్పమంది. చదువు రాని ఆమెకూ, గుజరాతీ రాని నాకూ ఆ పేజీలో గుర్తుపట్టగలిగింది ఒక్కటే ఉంది. మెలిక తిప్పిన నా సంతకం. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"నీ రాత ముద్దుగున్నదిరా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. తిరుగుదారిలో ఆటోలో మొక్కను ఒళ్లోనే పెట్టుకుంది.

దసరా తర్వాత ట్రాక్టరు వచ్చింది. కంకి పట్టిన పైరును దున్నేసి గుంతలు తవ్వారు. ముళ్లకంచె వేశారు, మొక్కలు నాటారు, చెట్లు కాపాడమని ఒక బోర్డు పెట్టారు. పొలం ధర ఏదో కట్టి ఇచ్చారట, ఆ మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. బర్రెకు గడ్డి కోసుకుంటానని కంచె దగ్గరికి వెళితే కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. "లోపలికి రావద్దు బా, సర్కారు మొక్కలు." కాపలావాడికి ఏం కోపం లేదు, అతని పని అది. ఆమె వెనక్కి వచ్చి, కొడవలి చూరులో దోపి, వారం తిరక్కుండా బర్రెను ఇచ్చేసింది. రెండు వేసవులు ఆ మొక్కలకు నీళ్లు పోసినవాళ్లు లేరు. పుల్లలయ్యాయి. కంచెకు కన్నం పడింది, బస్తీ జనం తెల్లారకముందే అందులోంచి దూరి పోయేవాళ్లు, మూలకు కాదు, పొలమంతా. ఆ కాగితంలో రాసింది అప్పుడు నిజమైంది.

నేను పక్క గదిలోనే ఉన్నాను. ఆమెకు మొహం చూపించలేక కార్ఖానాలో రెండు షిఫ్టులు చేసేవాణ్ణి. లక్ష్మి రోజూ ఆమెకు జొన్నరొట్టె చేసి పంపేది. "బజారు పిండి" అని చెప్పి తినేది ఆమె, అంతకు మించి ఏమీ అనేది కాదట.

చివరికి గదులు అమ్మేసి బిడ్డ ఊరికి బయల్దేరింది. మంచం, రెండు ట్రంకు పెట్టెలు టెంపోలోకి ఎక్కించాను. డ్రైవరు పక్కన కూర్చుని ఆమె నన్ను పిలిచింది. "ఏదన్న చెప్పరా మష్కరా. దారి పొడుగూత నవ్వుకుంట పోత."

నోరు తెరిచాను. పెళ్లిళ్లలో, కార్ఖానాలో, చావింట్లో కూడా నవ్వించినవాణ్ణి నేను. ఒక్క మాట రాలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి, నా చెవి పట్టుకుని మెల్లగా తిప్పింది.

"మూసుకోవాల్సిన నాడు మూసుకోలే. తెరువుమన్న నాడు తెరుస్తలేవు" అంది. తర్వాత డ్రైవర్ని పోనిమ్మంది.

మళ్లీ చలికాలం రాకముందే ఆమె చనిపోయిందని తెలిసింది, పది రోజులు ఆలస్యంగా. ఆ ఏడాదే నేను దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా గల్లీలో నోటీసు ఎవరికి వచ్చినా ముందు నా దగ్గరికే తెస్తారు. చదివి చెబుతాను. ఎక్కడ సంతకం పెట్టకూడదో వేలు పెట్టి చూపిస్తాను. నవ్వించడం మాత్రం మానలేదు, అది నా చేతుల్లో లేదు. కానీ నలుగురు నవ్వడం మొదలుపెట్టగానే నా చూపు వాళ్ల మొహాల మీద నిలవదు, చేతుల మీదికి దిగిపోతుంది. ఎవరి చేతిలోనైనా పెన్ను కనపడితే సగంలో ఆగిపోతాను. "తర్వాతేమైందన్నా?" అని అడుగుతారు. ఏమీ కాలేదంటాను.